క్లాసులో యూట్యూబ్ వీడియోలు: అపోహలు - వాస్తవాలు

నేను సైన్స్ చెబుతాను. క్లాసులో యూట్యూబ్ వీడియోలు తరచుగానే వాడతాను. టీచర్లు నలుగురు కూడిన చోట వీటి గురించి రెండు మాటలు వినిపిస్తుంటాయి. వీడియో పెడితే పిల్లలకు ఇట్టే అర్థమైపోతుందని కొందరంటారు. వీడియో పెట్టడమంటే పాఠం ఎగ్గొట్టడమేనని ఇంకొందరంటారు. నేను రెండింటితోనూ ఏకీభవించను. వీడియో మొదలుపెట్టే ముందు, మధ్యలో ఆపినప్పుడు టీచరు ఏం అడిగారన్న దాన్ని బట్టే పిల్లలు ఎంత నేర్చుకుంటారో తేలుతుంది. వీడియో ఎంత అందంగా తీశారన్నది ఆ తర్వాతి సంగతి.

అపోహ: కళ్లారా చూస్తే చాలు, అర్థమైపోతుంది

వాస్తవం: అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ బృందం భౌతికశాస్త్ర తరగతుల్లో ప్రయోగాలు చేసి చూపించి, విద్యార్థులకు ఎంత అర్థమైందో పరిశీలించింది. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. ప్రయోగాన్ని ఊరికే చూసినవాళ్లకూ అసలు చూడనివాళ్లకూ అవగాహనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏం జరుగుతుందో ముందే ఊహించి చెప్పి, ఆ తర్వాత చూసినవాళ్లు మాత్రం మెరుగ్గా రాణించారు. ఎదురుగా చేసి చూపించిన ప్రయోగం పరిస్థితే అలా ఉంటే, తెర మీద కనిపించే ప్రయోగం తనంతట తాను పాఠం చెబుతుందని ఎలా అనుకుంటాం?

వెరిటాసియం అనే యూట్యూబ్ సైన్స్ ఛానెల్ నడిపే డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో చేసిన డాక్టరేట్ పరిశోధన కూడా ఇదే విషయం మీద. విషయాన్ని సూటిగా, చక్కగా వివరించిన వీడియోలు చూసిన విద్యార్థులు బాగా అర్థమైందన్నారు, కానీ వాళ్ల మార్కులు పెద్దగా పెరగలేదు. మామూలుగా విద్యార్థులకు ఉండే తప్పు అభిప్రాయాలను ముందుగా బయటపెట్టి, అవి ఎందుకు తప్పో చర్చించిన వీడియోలు చూసినవాళ్లు తికమకగా ఉందన్నారు. మార్కులు పెరిగింది మాత్రం వాళ్లకే. పిల్లలు 'అర్థమైంది సార్' అన్నప్పుడు నేను తొందరపడి సంతోషించకపోవడానికి కారణం ఇదే. తల ఊపడం తేలిక. ముందు నుంచీ ఉన్న అభిప్రాయం చెక్కుచెదరకుండా ఉంటే, కొత్తగా విన్నదాన్ని మనసు దానికి అనుకూలంగా మార్చేసుకుంటుంది.

మరి ఎలా వాడాలి? ఒక ఉదాహరణ చెబుతాను. 1971లో అపోలో 15 యాత్రలో వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలారు. ఆ దృశ్యం ఒక నిమిషం కూడా ఉండదు. ఆయన వాటిని వదలబోయే ముందు నేను వీడియో ఆపేస్తాను. ఏది ముందు కింద పడుతుందో, ఎందుకో నోట్‌బుక్‌లో రాయమంటాను. సుత్తి అని కొందరు, రెండూ ఒకేసారి అని కొందరు రాస్తారు. చంద్రుడి మీద గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి రెండూ గాల్లో తేలుతాయని రాసేవాళ్లూ ఉంటారు. ఈ చివరి జవాబు టీచరుకు ఎంతో విలువైనది. అసలు అక్కడ గాలే లేనప్పుడు 'గాల్లో తేలడం' ఏమిటన్న చర్చ దాన్నుంచే మొదలవుతుంది. రాసినవాటి మీద పక్కవాళ్లతో వాదించుకోవడానికి కొంత సమయం ఇచ్చి, అప్పుడు ప్లే నొక్కుతాను. రెండూ ఒకేసారి కింద పడతాయి. ఆ తర్వాత భూమ్మీద ఇలా ఎందుకు జరగదని అడిగితే, గాలి నిరోధం అన్న మాట పిల్లల నోటి నుంచే వస్తుంది. నిమిషం లోపు వీడియోకి పావుగంట పడుతుంది. ఆ పావుగంటే పాఠం.

అపోహ: వీడియో పెట్టాక చివరిదాకా చూపించాలి

వాస్తవం: అక్కర్లేదు. మీకు కావలసింది ఎనభై సెకన్లయితే ఆ ఎనభై సెకన్లే చూపించండి. షేర్ నొక్కినప్పుడు ఏ క్షణం నుంచి మొదలవ్వాలో లింకులోనే పెట్టుకోవచ్చు. కీబోర్డు మీద కె నొక్కితే ఆగుతుంది, జె నొక్కితే పది సెకన్లు వెనక్కి, ఎల్ నొక్కితే పది సెకన్లు ముందుకి వెళుతుంది. ఆపి ఉంచి కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేమే కదులుతుంది. బంతి నేలను తాకి పైకి లేచే క్షణాన్ని చూపించడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

వీడియో ఆరు నిమిషాలు మించకూడదన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చింది ఆ మాట. వీడియో ఎంత పొడవున్నా మధ్యస్థ వీక్షణ సమయం ఆరు నిమిషాలు దాటలేదని అందులో తేలింది. అయితే అది ఇష్టమొచ్చినప్పుడు కట్టేసే వీలున్న ఆన్‌లైన్ విద్యార్థుల లెక్క. టీచరు ఎదురుగా ఉండే క్లాసుకు దాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేయకూడదని నా అభిప్రాయం. క్లాసుకు ఎక్కువ పనికొచ్చేది కార్ల్ స్పునార్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం. రికార్డు చేసిన ఉపన్యాసాన్ని ముక్కలు చేసి, ముక్క ముక్కకీ చిన్న పరీక్ష పెట్టినప్పుడు విద్యార్థుల ధ్యాస పక్కకు మళ్లడం తగ్గింది, నోట్స్ ఎక్కువగా రాసుకున్నారు, చివరి పరీక్షలోనూ బాగా చేశారు. కాబట్టి వీడియో పొడవు గురించి టెన్షన్ పడేకంటే ఎక్కడెక్కడ ఆపాలో ముందే గుర్తుపెట్టుకోవడం మేలు.

అపోహ: లక్షల వ్యూస్ ఉన్నాయంటే విషయం సరైనదే

వాస్తవం: వ్యూస్ ఎక్కువ ఉన్నంత మాత్రాన విషయాన్ని ఎవరో సరిచూశారని కాదు. అమెరికాలోని టకోమా నారోస్ వంతెన కూలిన దృశ్యం దీనికి మంచి ఉదాహరణ. 1940 జులైలో ప్రారంభమైన ఆ వంతెన అదే ఏడాది నవంబర్ 7న గంటకు సుమారు 64 కిలోమీటర్ల గాలికి మెలికలు తిరిగి కూలిపోయింది. గాలి తాకిడి వంతెన సహజ పౌనఃపున్యంతో, అంటే అది తనంతట తాను ఊగే వేగంతో, కలిసిందనీ, అదే అనునాదమనీ (రెజొనెన్స్) చాలా వీడియోలు చెబుతాయి. పాఠ్యపుస్తకాలు కూడా అలాగే రాశాయి. 1991లో బిల్లా, స్కాన్లన్ అనే ఇద్దరు ఆ వివరణ సరికాదని విపులంగా రాశారు. వంతెన మెలికపడే కదలికే గాలి నుంచి మళ్లీ మళ్లీ శక్తిని లాక్కుని ఊపును పెంచుకుంటూ పోయింది. బయటి నుంచి లయబద్ధంగా తోసే బలం అక్కడ అవసరం లేదు.

అయినా ఆ దృశ్యాన్ని నేను వదులుకోను. సౌండ్ పూర్తిగా తీసేసి చూపిస్తాను, వివరణ నేనే ఇస్తాను. దృశ్యం బాగుండి వ్యాఖ్యానం బాగోలేని వీడియోలన్నిటికీ ఇదే పద్ధతి. పై తరగతి పిల్లలకైతే వ్యాఖ్యానంతో సహా చూపించి తప్పు పట్టుకోమంటాను. వాళ్లు ఎంత శ్రద్ధగా వింటారో చూడాలి!

అపోహ: రిస్ట్రిక్టెడ్ మోడ్ పెడితే ఇక ఇబ్బందేమీ ఉండదు

వాస్తవం: రిస్ట్రిక్టెడ్ మోడ్ అంటే పిల్లలకు తగని వీడియోలను దాచే యూట్యూబ్ సెట్టింగ్. అది చాలావరకు వడకడుతుంది, కామెంట్లను కూడా దాచేస్తుంది. కానీ ఏ ఫిల్టరూ నూటికి నూరుపాళ్లు కచ్చితం కాదని యూట్యూబే చెబుతోంది. వీడియోను ముందురోజు మొదటి నుంచి చివరిదాకా మీరే చూడండి. ఆటోప్లే ఆపేయండి. పిల్లలు రాకముందే తెరిచి, యాడ్ వస్తే అయిపోనిచ్చి, కావలసిన చోట పాజ్ చేసి ఉంచుకోండి. ప్రొజెక్టర్ తెర మీద సెర్చ్ చేయకండి. ఆ ఫలితాల్లో ఏ బొమ్మ వస్తుందో మన చేతిలో ఉండదు.

అపోహ: చదువు కోసమే కాబట్టి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు

వాస్తవం: డౌన్‌లోడ్ బటన్ యూట్యూబే ఇచ్చిన చోట తప్ప ఇతర పద్ధతుల్లో దించుకోవడానికి దాని నిబంధనలు ఒప్పుకోవు. బోధన కోసం చట్టం ఇచ్చే మినహాయింపులు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. నెట్ సరిగా లేని స్కూళ్లకు ఇది నిజంగా కష్టమే. సెర్చ్ ఫిల్టర్లలో క్రియేటివ్ కామన్స్ ఎంచుకుంటే తిరిగి వాడుకోవడానికి అనుమతి ఉన్నవి దొరుకుతాయి. నాసా సొంతంగా తీసిన దృశ్యాలకు సాధారణంగా కాపీరైట్ ఉండదు, వాటిని నాసా సైట్ల నుంచే దించుకోవచ్చు.

అపోహ: వీడియోలు పెరిగితే టీచరు పని తగ్గుతుంది

వాస్తవం: ఈ మాట యూట్యూబ్ కంటే చాలా పాతది. సినిమా వచ్చింది కాబట్టి ఇక బడుల్లో పుస్తకాలకు కాలం చెల్లుతుందని థామస్ ఎడిసన్ 1913లోనే చెప్పారు. 2007లో అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే కెమిస్ట్రీ టీచర్లు క్లాసుకు రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. తర్వాత అందరినీ ఇంటి దగ్గరే చూసి రమ్మని, క్లాసు సమయాన్ని లెక్కలకు, ప్రయోగాలకు, సందేహాలకు కేటాయించారు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడ పక్కన నిలబడే సమయం టీచరుకు దొరికింది. ఇంట్లో ఫోనో నెట్టో లేని పిల్లలు ఒక్కరున్నా, వాళ్లు బడిలోనే చూసే ఏర్పాటు చేశాకే ఈ పద్ధతి మొదలుపెట్టాలి.

అపోహ: ప్రతి పాఠానికీ ఓ వీడియో ఉండాలి

వాస్తవం: కంటికి అందనంత నెమ్మదిగా, వేగంగా, చిన్నగా జరిగేవాటికి, ప్రమాదకరమైనవాటికి వీడియో కావాలి. కణ విభజన, అగ్నిపర్వతం, నీటిలో సోడియం లాంటివి అలాంటివే. లోలకం పాఠానికి మాత్రం దారం, రాయి, గడియారం చాలు. దారం పొడవు మార్చుతూ డోలనాలు పిల్లలే లెక్కపెట్టాలి. ఆ రోజు ప్రొజెక్టర్ ఆన్ చేయనవసరం లేదు.