పిల్లి తిండి మానేసిందా? "ఆకలైతే అదే తింటుందిలే" అని కూర్చోకండి

అపోహ: ముసలిదైపోయింది కదా, తిండి తగ్గుతుంది. ఆకలైతే అదే తింటుంది.

వాస్తవం: కడపలో నా దగ్గరకొచ్చే పిల్లుల ప్రాణం మీదికి ఎక్కువగా తెచ్చేది ఈ మాటే. "తిని ఎన్ని రోజులైంది?" అని అడుగుతాను. "నాలుగైదు రోజులు సార్, చూద్దాంలే అనుకున్నాం" అంటారు. కుక్క రెండు రోజులు పస్తున్నా మామూలుగా తట్టుకుంటుంది. పిల్లి సంగతి అలా కాదు. తిండి ఆగితే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును దాని కాలేయం వాడుకోలేదు, బయటికి పంపలేదు. రెండు మూడు రోజుల పస్తుతోనే ఇది మొదలుకావచ్చు. బొద్దుగా ఉన్న పిల్లికి ముప్పు ఇంకా ఎక్కువ. "బాగా ఒళ్ళుంది, నాలుగు రోజులు తినకపోతే ఏం కాదులే" అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. చెవుల లోపల, చిగుళ్ళ మీద పసుపు కనిపించేసరికి కాలేయం బాగా దెబ్బతిని ఉంటుంది. ఆ దశలో గొట్టం వేసి వారాల తరబడి తిండి పెట్టాల్సి వస్తుంది, అయినా కొన్ని దక్కవు.

వయసు జబ్బు కాదు. పదేళ్ళు దాటిన పిల్లి తిండి మానేసిందంటే వెనక ఏదో కారణం ఉంటుంది. పళ్ళు, కిడ్నీలు, థైరాయిడ్, ముక్కు దిబ్బడ, కడుపులో గడ్డ, ఏదైనా కావచ్చు. ఒక పూట తగ్గించి తింటే కనిపెట్టి ఉండండి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మాత్రం డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

అపోహ: పన్ను నొప్పి ఉంటే అరుస్తుంది కదా.

వాస్తవం: అరవదు. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. ఆకలేసి గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, వెనక్కి పోతుంది. లేదంటే తల ఒక పక్కకు వంచి నములుతుంది, ముద్ద కింద పడేస్తుంది, చొంగ కారుస్తుంది, ఒళ్ళు నాక్కోవడం మానేస్తుంది. ఆ మధ్య ఒక జేజి తన పిల్లిని వైరు బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి తెచ్చింది. "ఎవరిదో దిష్టి తగిలినాది సార్, కోడికూర పెట్టినా ముట్టదు" అని ఒకటే బాధ. పైకి చూస్తే చిగురు ఒకచోట కాస్త ఎర్రగా ఉంది, అంతే. జేజి మనవరాలు ఫోన్‌లో వీడియో చూపించింది. పిల్లి ముక్క కొరికింది, ఉలిక్కిపడి తల విదిలించి పారిపోయింది. మత్తిచ్చి ఎక్స్‌రే తీస్తే కింది దవడ పన్ను చాలావరకు కరిగిపోయి ఉంది. పెద్ద పిల్లుల్లో ఇది తరచూ కనిపించే జబ్బే. మనుషుల పిప్పి పన్నులా సిమెంటు పెట్టి నింపితే ఆగేది కాదు, తీసేయాల్సిందే. తీశాం. తర్వాత వచ్చినప్పుడు జేజి ఫిర్యాదు వేరు: "ఇప్పుడు నా పళ్ళెంలోకే మూతి పెడతాండాది సార్!"

అపోహ: పళ్ళు తీసేస్తే ఎట్లా తింటుంది?

వాస్తవం: హాయిగా తింటుంది. మెత్తటి తిండి మింగడానికి పళ్ళతో పెద్దగా పనిలేదు. నొప్పి పెట్టే పన్ను నోట్లో ఉండటమే అడ్డు.

అపోహ: ముసలిదానికి మత్తిస్తే లేవదు.

వాస్తవం: భయం సహజమే, నాకూ అర్థమవుతుంది. అందుకే ముందు రక్త పరీక్ష చేసి కిడ్నీలు, కాలేయం చూస్తాం. మత్తు లేకుండా పైపైన గార గీకితే చిగురు కింద ఉన్న జబ్బు అలాగే ఉండిపోతుంది.

అపోహ: నీళ్ళు ఎక్కువ తాగుతోంది, ఎండలకే.

వాస్తవం: మన ఎండల్లో ఎవరికైనా దాహమే, నిజమే. కానీ పెద్ద పిల్లి నీళ్ళు ఎక్కువ తాగుతూ, మూత్రం ఎక్కువ పోస్తూ, చిక్కిపోతుంటే కిడ్నీలు చూపించండి. షుగరు కూడా కావచ్చు.

అపోహ: నొప్పికి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ సగం వేస్తే సరి.

వాస్తవం: వద్దంటే వద్దు! ఆ మందును పిల్లి కాలేయం మనలా విరగ్గొట్టలేదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లిని చంపడానికి చాలు. పావు వేసినా, సగం వేసినా ప్రమాదమే. చిగుళ్ళకు లవంగ నూనె పూయడం కూడా వద్దు, అదీ వాటికి విషమే. ఫోన్‌లో ఎవరో పంపారని పెద్దవాళ్ళు పూసేస్తుంటారు, వాళ్ళకు చెప్పి పెట్టండి.

డాక్టరు దగ్గరకు వెళ్ళేలోగా చికెన్ ఉడికించిన నీళ్ళు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండా, గోరువెచ్చగా పెట్టి చూడండి. వెచ్చటి తిండికి వాసన ఎక్కువ, కొన్ని నాకుతాయి. నోరు బలవంతంగా తెరిచి సిరంజితో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తినేటప్పుడు ఒక వీడియో తీసుకోండి. ఇప్పటికే ఏదైనా మాత్ర వేసి ఉంటే ఆ స్ట్రిప్ కూడా తెండి. కాస్త కోప్పడతానేమో, అయినా దాచొద్దు. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు వేశారో తెలిస్తే విరుగుడు వెంటనే మొదలుపెట్టగలం.