పొట్లంలో వేరుశనగ ముద్ద

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఆఫ్రికాలో చిక్కి శల్యమైన పసివాళ్లకు వేరుశనగ ముద్ద తినిపించి బతికిస్తారని మీ బడిలో చెప్పారట. “మన దగ్గర పల్లీలు బోలెడున్నాయి కదా, చిక్కీలు చేసి పంపితే సరిపోదా?” అని అడిగారు. సరిపోదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

పూర్వం అలాంటి పిల్లలకు ఆసుపత్రిలో ప్రత్యేకమైన పాలు పట్టేవారు. ఆ పొడిని నీళ్లలో కలపాలి. నీళ్లు మురికివైనా, కలిపిన పాలు ఎండకు కాసేపు ఉన్నా సూక్ష్మజీవులు ఇట్టే పెరుగుతాయి. అందుకని ఇంటికిచ్చి పంపే వీలుండేది కాదు. బిడ్డను పెట్టుకుని తల్లి వారాల తరబడి ఆసుపత్రిలో ఉండిపోతే ఇంటి దగ్గర మిగతా పిల్లలకు ఎవరు వండి పెడతారు? పొలం ఎవరు చూస్తారు?

1996లో ఫ్రాన్స్‌కు చెందిన వైద్యుడు ఆంద్రే బ్రియాండ్, ఆహార తయారీదారు మిషెల్ లెస్కాన్ దీనికొక ఉపాయం కనిపెట్టారు. వేరుశనగ ముద్దలో పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపారు. నీళ్లు మాత్రం చుక్క కూడా లేవు. అసలు కిటుకు అదే: నీరు లేని ఆ నూనె ముద్దలో బాక్టీరియా పెరగలేవు. పొయ్యి వద్దు, ఫ్రిజ్ వద్దు. 92 గ్రాముల పొట్లంలో 500 కిలోకేలరీలు. మూల చింపి ఇస్తే పిల్లవాడే పిండుకుని చప్పరిస్తాడు. అమెరికా పిల్లల వైద్యుడు మార్క్ మానరీ ఆఫ్రికా దేశమైన మలావీలో దీన్ని ఇళ్లకే ఇచ్చి పంపాడు, పిల్లలు కోలుకున్నారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ వంటి సంస్థలు ఈ పద్ధతిని సమర్థించాయి.

చిక్కీలో శక్తి ఉంది, కాదనను. కానీ ఒళ్లు కరిగిపోయిన పిల్లవాడికి జింకు, పొటాషియం, విటమిన్లు లెక్క ప్రకారం అందాలి. పైగా గట్టి పలుకులు పసివాళ్ల గొంతుకు అడ్డం పడతాయి.

మలావీలో రైతులు వేరుశనగ పండిస్తారు. అలాంటప్పుడు ముద్దను ఫ్రాన్స్ నుంచి ఓడల్లో తేవడం దేనికని మానరీ బృందం అక్కడే తయారీ మొదలుపెట్టింది. వినడానికి తేలిక, చేయడం కష్టం. అడ్డంకి బూజు.

మా బెంగళూరు బసవనగుడిలో కార్తికమాసం చివరి సోమవారం జరిగే వేరుశనగ తిరునాళ్లలో, అదే కడలెకాయి పరిషెలో, దోసెడు కాయలు కొని ఒలిచి చూడండి. ఎక్కడో ఒక గింజ ముడుచుకుని, పైన పచ్చటి బూజుతో కనిపిస్తుంది. నోట్లో వేసుకుంటే చేదు, మనం ఉమ్మేస్తాం. ముద్దగా నూరాక దాన్ని ఏరేదెవరు? ఆ బూజు వదిలే విషం పేరు అఫ్లటాక్సిన్. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు, పైకి బాగున్న గింజలోనూ దాగి ఉండవచ్చు. కోతకు ముందు వాన మొహం చాటేసినా, కోశాక కాయలు సరిగా ఆరకపోయినా ఇది చేరుతుంది. మా అనంతపురం రైతులకు ఆ రెండు బాధలూ కొత్త కాదు. కాబట్టి ఏ దేశంలో ముద్ద చేసినా గింజలు ఏరడం, పరీక్షించడం తప్పదు. హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో ఉన్న మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే పరీక్షను రూపొందించింది. మలావీ రైతు సంఘమూ దాన్ని వాడుకుంది. ఈ సంగతి మీ పాఠంలో ఉండదేమో గానీ, నాకు మాత్రం పొట్లం కంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది.

స్థానికంగా చేసినంత మాత్రాన ముద్ద అమాంతం చవకైపోదు. వేరుశనగ ఊళ్లోదే అయినా పాలపొడి, విటమిన్ల మిశ్రమం బయటి నుంచి రావాలి. ముఖ్యంగా పాలపొడి ప్రియం. అందుకే సోయా, మొక్కజొన్న, జొన్న కలిపి, ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లాలు చేర్చి, పాలు లేని ముద్దను కూడా మలావీలో పరీక్షించారు. అక్కడి పిల్లలు దాంతోనూ కోలుకున్నారు.

ఇట్లు,
మీ తాతయ్య,
బెంగళూరు