ఒకే రక్తం సంచి, మూడు చోట్ల నిల్వ

రక్తదానంలో తీసేది 350 మిల్లీలీటర్లు. బరువు 55 కిలోలు దాటినవారి నుంచి 450 కూడా తీస్తారు. 350 సంచిలో ముందుగానే 49 మిల్లీలీటర్ల ద్రావణం పోసి ఉంటుంది. అందులోని సిట్రేటు రక్తంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. కాల్షియం అందకపోతే రక్తం గడ్డకట్టదు. తీస్తున్నంతసేపూ సంచిని మెల్లగా ఊపకపోతే రక్తం, ద్రావణం సరిగా కలవక గడ్డలు పడతాయి. అలాంటి సంచి ఇక పారేయాల్సిందే.

సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుక్కి దిగి, గడ్డిరంగు ప్లాస్మా పైకి తేలుతుంది. మధ్యన మీగడ తరకలా పలచని పొర: తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు. ఇక్కడి నుంచి ఎవరి దారి వారిదే.

ఎర్రకణాలు ఫ్రిజ్‌లోకి, 2 నుంచి 6 డిగ్రీల మధ్య. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు, ఒక్కోదానికి నాలుగు ఆక్సిజన్ అణువులు మోసే సత్తా. కేంద్రకం, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా లేని ఈ కణానికి గ్లూకోజే ఆధారం. చలిలో ఆ ఖర్చు తగ్గుతుంది కాబట్టే 35 రోజులు, అదనపు పోషక ద్రావణం కలిపితే 42 రోజులు ఆగుతుంది. మామూలుగా గడ్డకట్టిస్తే మాత్రం మంచు పలుకులు కణాల్ని చీల్చేస్తాయి. నిల్వలో పొటాషియం బయటికి కారుతూ ఉంటుంది. అది ఎక్కువైతే గుండెకు ముప్పు, పసిపిల్లలకు తాజా సంచి వెతికేది అందుకే.

ప్లేట్‌లెట్లకు ఫ్రిజ్ పడదు. చలికి వాటి ఆకారం మారిపోతుంది, ఎక్కించాక కాలేయం వాటిని త్వరగా ఏరేస్తుంది. 20 నుంచి 24 డిగ్రీల్లో ఆగకుండా ఊపుతూ ఉంచాలి. ఆ వెచ్చదనం బాక్టీరియాకూ నచ్చుతుంది, అందుకే గడువు ఐదు రోజులే. ఒక దాత సంచి నుంచి వచ్చిన ప్లేట్‌లెట్లతో పెద్దవాళ్లలో కౌంటు పెరిగేది 5 నుంచి 10 వేలు. డెంగీలో రక్తస్రావం లేకుండా, కౌంటు 10 వేల పైన ఉంటే సాధారణంగా ఎక్కించనక్కర్లేదు. అయినా 40 వేలు అనగానే బంధువులు దాతల కోసం పరుగులు పెడతారు. అసలు ప్రమాదం ప్లాస్మా రక్తనాళాల బయటికి కారిపోవడం. అది జరుగుతుంటే రక్తం చిక్కబడి, రిపోర్టులో పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, పెరుగుతుంది. చూడాల్సిన అంకె అది.

ప్లాస్మాలో తొంభై శాతం పైగా నీరే. మిగతాదాంట్లో నీటిని రక్తనాళాల్లో నిలిపే ఆల్బుమిన్, యాంటీబాడీలు, రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు (ఫ్యాక్టర్లు) ఉంటాయి. వాటిలో ఎనిమిదో ఫ్యాక్టర్ త్వరగా పాడవుతుంది కాబట్టి, ఎనిమిది గంటల్లోపే ప్లాస్మాను మంచులా గడ్డకట్టించి మైనస్ 30 డిగ్రీల్లో పెడితే ఏడాది నిలుస్తుంది. నీరసానికి, బలానికి ఎక్కించే మందు కాదిది.

ఎర్రకణాల సంచి వార్డుకు వచ్చి అరగంట దాటితే తిరిగి నిల్వకు పనికిరాదు. ఎక్కించడం మొదలెట్టాక నాలుగు గంటల్లో ముగించాలి. వేడినీళ్లలో ముంచితే కణాలు పగిలిపోతాయి. అదే గొట్టంలో నార్మల్ సెలైన్ తప్ప మరేదీ కలపకూడదు. ముఖ్యంగా రింగర్ లాక్టేట్ అనే మరో రకం సెలైన్: అందులో కాల్షియం ఉంటుంది, అది సిట్రేటును మించితే గొట్టంలోనే గడ్డలు పడతాయి.