లాంటావ్ ద్వీపం నీళ్ళ మీద తేలుతుందా?

బుజ్జికీ చిన్నూకీ తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్లో చిన్నూ అడిగినదానికి మీ నాన్న నవ్వేశాడు గానీ నాకది నవ్వే ప్రశ్నలా అనిపించలేదు. "తాతయ్యా, హాంకాంగ్ ఎయిర్‌పోర్టు సముద్రంలో ద్వీపం మీద ఉందంట కదా, అంత బరువు విమానం దబ్బున దిగితే ద్వీపం ఊగదా?" అన్నాడు. అంటే వాడి లెక్కలో ద్వీపం తేలుతోందన్నమాట. మ్యాపులో చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది మరి, చుట్టూ నీలం, మధ్యలో ఆకుపచ్చ ముక్క. సెలవుల్లో మీరెలాగూ హాంకాంగ్‌లో ఆ ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న లాంటావ్ ద్వీపానికి వెళ్తున్నారు, నేను ముందే చూసొచ్చినవాణ్ణి, అందుకని కూర్చుని రాస్తున్నా.

రాత్రి అన్నం దగ్గర ఓ పని చెయ్యి చిన్నూ. కంచంలో అన్నం ఒకే కుప్పగా కాకుండా నాలుగైదు కుప్పలుగా పెట్టించుకో, ఒకటి పెద్దది, పక్కన కాస్త తక్కువది, మిగతావి చిన్నచిన్నవి. ఇప్పుడు అమ్మని అంచు వైపు నుంచి మెల్లగా చారు పొయ్యమను. చారు పల్లంలోకి చేరి, చిన్న కుప్పలు మునిగి, పెద్దవి తలలు మాత్రం బయట పెట్టుకుని నిలబడతాయి. ఆ తలలే ద్వీపాలు. వేలితో తోసి చూడు, తేలుతున్నాయా? కింద కంచానికి అంటుకునే ఉంటాయి.

లాంటావ్ కథ కూడా ఇంతే. సుమారు 20 వేల ఏళ్ళ కిందట భూమ్మీద విపరీతమైన చలి, బోలెడు నీళ్ళు మంచై నేల మీదే పేరుకుపోయాయి, అందుకని సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. అంటే కంచంలో ఇంకా చారు పడలేదు. అప్పుడు లాంటావ్ అసలు ద్వీపం కాదు, చైనా నేల మీద మామూలు కొండల గుంపు, ఇవతల్నించి అవతలికి నడిచి వెళ్ళిపోవచ్చు. తర్వాత మంచు కరిగింది, చారు పడింది. సముద్రం ఇప్పుడున్న మట్టానికి వచ్చి ఆరేడు వేల ఏళ్ళే అవుతోంది. పెద్ద కుప్ప తల లాంటావ్ పీక్, 934 మీటర్లు. పక్కది సన్‌సెట్ పీక్, 869. మరి ఈ కుప్పలు వడ్డించిందెవరూ అని బుజ్జి అడుగుతుంది, నాకు తెలుసు. అగ్నిపర్వతాలమ్మా, 14 కోట్ల ఏళ్ళకి పైమాటే. వేడి వేడి అన్నం అనుకోండి పోనీ.

ఇక విమానం సంగతి. లాంటావ్‌కి ఉత్తరాన చెక్ లాప్ కోక్ అని ఓ బుల్లి ద్వీపం, దాని పక్కన లామ్ చౌ అని ఇంకా బుల్లిది ఉండేవి. ఆ రెండు కుప్పల్నీ నొక్కి చదును చేసి, చుట్టూ చారులోకి ఇంకా అన్నం సర్ది, 1998లో ఎయిర్‌పోర్టు తెరిచారు. అప్పుడు తయారైన నేలలో పావు వంతే పాత ద్వీపాలది, మిగతా ముప్పావు సముద్రాన్ని పూడ్చి చేసింది. మీ డిస్నీల్యాండ్ కూడా పూడ్చిన నేల మీదదే, 2005లో తెరిచారు, దాని గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు కాబట్టి వదిలేస్తున్నా.

కొండ పేల్చబోయే ముందు జరిగిన ఒక విషయం మాత్రం చెప్పాలి. ఆ చెక్ లాప్ కోక్ మీద రోమర్ చెట్టుకప్ప అని ఒకటుండేది, రెండు సెంటీమీటర్ల జీవి, హాంకాంగ్‌లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఎయిర్‌పోర్టు వస్తోందని తెలిసి యూనివర్సిటీ వాళ్ళు రాత్రిళ్ళు లైట్లు పట్టుకుని తిరిగి వాటిని ఏరి, కొన్నాళ్ళు పెంచి, పిల్లలయ్యాక తీసుకెళ్ళి వేరే అడవుల్లో వదిలారు. అక్కడ అవి బతికి బట్టకట్టాయి కూడా. విమానాల కోసం కొండనే లేపేసిన మనుషులు కప్ప కోసం వంగి వెతికారంటే నాకు భలే ముచ్చటేసింది. అన్నిటికీ అలా వెతకలేదనుకోండి, అది వేరే సంగతి.

1997 దాకా లాంటావ్‌కి వెళ్ళాలంటే పడవే గతి. ఆ ఏడు సింగ్ మా వంతెన వేశారు, రెండు స్తంభాల మధ్య 1377 మీటర్లు, పైన కార్లు, లోపల రైళ్ళు. కంచం మీద అడ్డంగా ములక్కాడ పెట్టినట్టు. 2018లో ఇంకో పెద్ద ములక్కాడ పెట్టారు, అవతలి ఒడ్డున ఉన్న జుహాయ్, మకావ్ నగరాల దాకా 55 కిలోమీటర్లు, అయితే ఇది మధ్యలో చారులోకి మునిగి మళ్ళీ పైకి లేస్తుంది! పెద్ద ఓడలు పోవడానికి దారి కావాలి, వంతెన మరీ ఎత్తు కడితే పక్కనే దిగే విమానాలకి అడ్డు, అందుకని అక్కడ సముద్రం అడుగున సొరంగం వేశారు.

దక్షిణం వైపు పుయ్ ఓ అనే ఊళ్ళో బీచి దగ్గర గేదెలు కనిపిస్తాయి, భయపడకండి. ఒకప్పుడు అక్కడ వరి పండించేవాళ్ళు, తర్వాత జనం సేద్యం మానేసి పట్నం పోయారు, గేదెల్ని వదిలేశారు. వాటి మనవలూ మునిమనవలూ ఇప్పుడు ఎవరివీ కాకుండా బురదలో హాయిగా పొర్లుతున్నాయి. వాటిని చూసి నేను ఎంతసేపు నిలబడ్డానో మీ నాన్ననడగండి. చిన్నప్పుడు ఎండాకాలం అంతా నా పని మా గేదెల్ని చెరువుకి తోలుకెళ్ళడమే, వీపు మీద బోర్లా పడుకుంటే అది నీళ్ళలోకి దిగేది, ముందు కాళ్ళు తడిసేవి, తర్వాత పొట్ట, చివరికి దాని ముక్కు, కొమ్ములు, నేను తప్ప ఏమీ పైన ఉండేవి కావు, చెవి టపటపా కొట్టిందంటే మొహమంతా నీళ్ళే. మా నాయనమ్మ గట్టు మీంచి తిట్టే తిట్లు ఇక్కడ రాయకూడదు. ఆ రోజుల్లో గేదె లేని ఊరంటే నమ్మేవాళ్ళం కాదు. సరే, మీరు మాత్రం దగ్గరికెళ్ళి తినడానికేమీ పెట్టకండి, అలవాటైతే అవి రోడ్ల మీదికి వస్తాయి, బస్సుల కింద పడతాయి.

ఎయిర్‌పోర్టు దగ్గరి తుంగ్ చుంగ్ అనే ఊరి నుంచి కేబుల్ కార్ ఎక్కుతారు, 5.7 కిలోమీటర్లు, పాతిక నిమిషాలు. ఫోన్లు లోపల పెట్టి వెనక్కి తిరిగి చూడండి, ఎయిర్‌పోర్టు, వంతెన, సముద్రం, కొండలు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మనసులో చారంతా తోడేసి చూడండి, ఏ కొండ ఏ కొండతో కలుస్తుందో. పైన బుద్ధుడు, 1993లో పెట్టిన కంచు విగ్రహం, 34 మీటర్లు, 202 ముక్కలుగా పోతపోసి కలిపారు. 268 మెట్లు, నేను మధ్యలో ఆగి ఆగి ఎక్కా, మీరు పరిగెడతారు. కుడిచెయ్యి ఎత్తిన అభయముద్ర, మన గుళ్ళలో చూసేదే. పక్కన పో లిన్ మఠం 1906 నాటిది.

చివర్లో తై ఓ అనే ఊరికి వెళ్ళండి. జాలర్లు నీళ్ళలో గుంజలు పాతి కట్టుకున్న ఇళ్ళు, ఉప్పేసి నూరిన రొయ్యల ముద్ద ఎండబెట్టిన వాసన, ముక్కు మూసుకుంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. అక్కడ్నించి పడవలో వెళ్తే గులాబీ రంగు డాల్ఫిన్లు కనపడొచ్చు. పుట్టినప్పుడు ముదురు బూడిద రంగు, పెద్దయ్యే కొద్దీ గులాబీ, చర్మం కిందే పారే రక్తం ఆ రంగు. పూడ్చడాలూ స్పీడు ఓడలూ ఎక్కువై బాగా తగ్గిపోయాయి, కాబట్టి కనపడకపోతే పడవవాడి మీద అలగొద్దు.

ఆటు సమయమైతే మాత్రం ఇళ్ళ కింద బురదలోకి వంగి చూడండి. కళ్ళు నెత్తిన పెట్టుకుని రెక్కల మీద గెంతే చేపలుంటాయి. చేపై ఉండి గాలిలో ఎలా ఊపిరి తీస్తుందో నేను చెప్పను. పావుగంట కదలకుండా కూర్చుని, ఎన్నిసార్లు బురదలో దొర్లుతుందో, నోట్లో ఏం పెట్టుకుంటుందో చూసి, ఈసారి ఉత్తరం మీరు రాయండి.

మీ తాతయ్య