గడప దాటని గ్యాస్

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పెద్దమ్మ వాళ్లింట్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. పై వాటా వాళ్ల దగ్గర తలదాచుకుని, నీళ్లు తీశాక కిందికి దిగారు. బురద ఎత్తడానికి సాయంగా నేనూ వెళ్లాను. వంటింట్లో గట్టు కింద ఉండాల్సిన గ్యాస్ బండ తలుపు వెనక ఒరిగి పడి ఉంది. ట్యూబు స్టవ్ దగ్గర ఊడిపోయి బురదలో వేలాడుతోంది.

“బండ తేలిందే. వరదకు రెండు రోజుల ముందే కొత్తది వేయించాను. తేలిందంటే లోపల గ్యాస్ అంతా పోయినట్టేనా?” అంది పెద్దమ్మ.

పోలేదు. నిండు బండ కూడా తేలుతుంది. ఖాళీ బండ బరువు సుమారు పదిహేనున్నర కిలోలు, లోపలి గ్యాస్ 14.2 కిలోలు. రెండూ కలిపి 30 కిలోల లోపే. లోపల పట్టే చోటు 33 లీటర్ల పైచిలుకు. ఇనుము మందం కూడా కలుపుకుంటే బండ మొత్తం పరిమాణం 35 లీటర్లు. అంటే పూర్తిగా మునగాలంటే 35 కిలోల నీటిని పక్కకు నెట్టాలి. అంత బరువు దానికి లేదు. అందుకే నిండు బండ మెడ దాకా మునిగి తేలుతుంది, ఖాళీది సగానికి పైగా నీటి పైకి కనిపిస్తూ తేలుతుంది. మనం భుజం మీద ఎత్తలేక ఆయాసపడే ఆ బరువు నీటి లెక్కలో తేలికే.

తేలడంతోనే ప్రమాదం మొదలవుతుంది. బండ కదిలిందంటే ట్యూబును లాగుతుంది. ట్యూబు ఊడుతుంది. పెద్దమ్మ మెట్లెక్కే ముందు అలవాటు కొద్దీ రెగ్యులేటర్ నాబ్ కట్టేసింది కాబట్టి సరిపోయింది. కట్టకపోయి ఉంటే, పై వాటాలో కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్న వాళ్ల కాళ్ల కింద గదుల్లో ఆ గ్యాస్ అంతా నిండేది. వరద హెచ్చరిక వస్తే నాబ్ కట్టేయడంతో ఆగకుండా రెగ్యులేటర్ తీసేసి, బండ మూతికి ఉండే ప్లాస్టిక్ మూత గట్టిగా పెట్టాలి. రెగ్యులేటర్ తీయగానే లోపలి స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. మూత ఉంటే బురద వాల్వులోకి వెళ్లదు. దారంతో కట్టి ఉండే ఆ మూతను చాలా ఇళ్లలో తెంపి పారేస్తారు. అది ఉన్నది ఇందుకే.

బండ వేసే అబ్బాయి వచ్చి స్ప్రింగు కాటాతో తూచాడు. గ్యాస్ చెక్కుచెదరలేదు. అయితే రెగ్యులేటర్‌ను మాత్రం మార్చాల్సిందేనన్నాడు. అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బండలో గ్యాస్ ఎండాకాలం చదరపు సెంటీమీటరుకు కొన్ని కిలోల ఒత్తిడితో ఉంటుంది. స్టవ్‌కి కావాల్సింది సుమారు 30 గ్రాములే, అంటే ఒక అడుగు ఎత్తు నీళ్లు అడుగున పెట్టేంత ఒత్తిడి. ఆ తేడానంతా ఆపేది రెగ్యులేటర్ లోపల ఉన్న పల్చటి రబ్బరు పొర ఒక్కటి. ఆ పొర పైకీ కిందికీ ఆడుతూ ఉండడానికి రెగ్యులేటర్ మీద సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది, గాలి పీల్చుకోవడానికి. వరద బురద ఎండి ఆ రంధ్రం మూసుకుపోతే పొర తన పని తాను చేయలేదు. పైకి కడిగి తుడిస్తే కొత్తదానిలాగే ఉంటుంది, తేడా కంటికి కనబడదు.

వంటగ్యాస్ అంటే ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. మామూలు గాలి ఒత్తిడిలో ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ సున్నాకు కాస్త దిగువన. ఒత్తిడి పెట్టి ద్రవంగా మార్చి బండలో బంధిస్తారు. ఆ ద్రవం ఒక లీటరు బయటికి వస్తే దాదాపు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. బండను ఎప్పుడూ నిలబెట్టే వాడాలని చెప్పడం ఇందుకే. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్లోకి దూసుకొస్తుంది.

ఈ ద్రవానికి ఇంకో గుణం ఉంది. వేడెక్కితే నీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. అందుకే బండను నిండుగా నింపరు. 14.2 కిలోల ద్రవం 26 లీటర్ల చోటు తీసుకుంటుంది, మిగతా ఏడు లీటర్లూ ఆవిరికి వదిలేస్తారు. మన రోహిణి కార్తె ఎండలకు ద్రవం ఉబ్బితే సర్దుకునే చోటు అది. ఎండకు బండ పేలుతుందేమోనని తడి గోనె కప్పేవాళ్లను చూశాను. 40 డిగ్రీల వేడిలో లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 10.7 కిలోలు దాటకూడదు, బండను పరీక్షించేది 25 కిలోల నీటి ఒత్తిడితో. కంపెనీలో నింపిన మంచి బండ ఉత్త ఎండకు పేలదు.

మరి “గ్యాస్ బండ పేలి” అని పేపర్లో వచ్చే వార్తల సంగతి? ఆ ఫొటోలు జాగ్రత్తగా చూడండి. తలుపులు ఎగిరిపోయి, గోడలు కూలి, పైకప్పు నేల మీద ఉంటుంది. చాలాసార్లు మధ్యలో బండ నిక్షేపంగా నిలబడి ఉంటుంది. అక్కడ పేలింది గది. గాలిలో గ్యాస్ సుమారు 2 శాతం నుంచి 9 శాతం దాకా కలిసినప్పుడే అంటుకుంటుంది. 2 కంటే తక్కువైతే మండదు, 9 దాటితే గాలి చాలక మండదు. మధ్యలో ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ 2 శాతం ఎంత తేలిగ్గా వస్తుందో మన ఇళ్ల కొలతలతోనే చూద్దాం. ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటిల్లు. అందులో గాలి దాదాపు 23 ఘనపు మీటర్లు. 2 శాతం అంటే అర ఘనపు మీటరు లోపు గ్యాస్, బరువులో కిలో. ఇది గది అంతా సమానంగా కలిసిందనుకుంటే. కానీ వంటగ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పైకి లేవదు. నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. మోకాలి ఎత్తు దాకా ఆ మోతాదు చేరడానికి 200 గ్రాములు చాలు. వెలిగించకుండా తిప్పి వదిలేసిన పెద్ద బర్నర్ నుంచి ఆ మాత్రం గ్యాస్ రావడానికి గంట, గంటన్నర పడుతుంది. ట్యూబే ఊడితే ఇంకా ముందే.

ఇప్పుడు మన వంటిళ్ల కట్టుబడి గుర్తుతెచ్చుకోండి. వెంటిలేటర్ ఎక్కడుంటుంది? పైకప్పు కింద. ఎగ్జాస్ట్ ఫ్యాను? అదీ అక్కడే. పొగ పోవడానికి కట్టెల పొయ్యి కాలంలో పెట్టుకున్న ఏర్పాటు అది. పొయ్యి మారింది, రంధ్రం మాత్రం పైనే ఉండిపోయింది. పైగా గడప. పసుపు రాసి బొట్లు పెట్టుకునే ఆ రెండంగుళాల చెక్క, నేల మీద పాకే గ్యాస్‌కు చెరువు కట్టలా అడ్డం నిలుస్తుంది. రాత్రంతా సన్నగా కారిన గ్యాస్ గడప దాటలేక వంటింట్లోనే నిండుతుంది. ఆ వంటింట్లోనే ఒక మూల ఫ్రిజ్ ఉంటుంది. దాని కంప్రెసర్, దాన్ని ఆన్ చేసే రిలే వెనకవైపు అడుగున, సరిగ్గా నేల దగ్గర ఉంటాయి. తెల్లవారుజామున ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నప్పుడు, ఎవరూ ఏ స్విచ్ వేయకుండానే ఇల్లు కూలిందంటే అందులో వింతేమీ లేదు. ఫ్రిజ్ తనంతట తాను ఆన్ అయింది.

అందుకే వాసన వస్తే లైటు వేయొద్దు, వెలుగుతున్నది ఆర్పొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాను జోలికి అసలు పోవద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తీసి, బయటికి వచ్చాకే ఫోన్ తీయాలి. 1906 నంబరు గ్యాస్ లీకుల కోసమే రోజంతా పనిచేస్తుంది. ఈ నాలుగంకెలు వంటింటి గోడ మీద కాకుండా వీధి తలుపు పక్కన రాసుకోవాలని నా అభిప్రాయం. అవసరమైనప్పుడు మనం వంటింట్లో ఉండకూడదు కదా.

అసలు ఈ వాయువులకు వాసనే లేదు. కుళ్లిన క్యాబేజీ లాంటి ఆ కంపు ఇథైల్ మెర్కాప్టన్ అనే రసాయనానిది. పేలే మోతాదులో ఐదో వంతుకు చేరేసరికే ముక్కుకు తెలియాలన్న లెక్కతో కలుపుతారు. అయితే అదే వాసనలో కొంతసేపు కూర్చుంటే ముక్కు అలవాటు పడిపోతుంది. వయసు మీరిన వాళ్లకు వాసన పసిగట్టే శక్తి తగ్గుతుంది. వంటింటి పక్క గదిలో పడుకునేది ఎక్కువగా వాళ్లే.

వాసన కలపకపోతే ఏమవుతుందో మనం చూశాం. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. తాటిపాక నుంచి మన కొండపల్లి వైపు, అక్కడి కరెంటు ప్లాంటు కోసం గ్యాస్ మోసుకొచ్చే లైను అది. అందులోని గ్యాస్‌కు వాసన కలపలేదు. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో తేమ ఉన్న గ్యాస్ నడిచి, లోపలి నుంచి తుప్పు తిన్నదని విచారణలో తేలింది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పటి వార్తలు. అది విజయవాడ దాకా వచ్చే పైపు అని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. తెలిశాక కొండపల్లి దాటి వెళ్లే ప్రతిసారీ ఆ ఊరే గుర్తొస్తుంది.

విజయవాడలో కొన్ని కాలనీలకు ఇప్పుడు భాగ్యనగర్ గ్యాస్ పైపులు వచ్చాయి. ఈ గ్యాస్ మీథేన్, గాలి కంటే తేలిక, పైకి పోతుంది. దీనికి వాసన కలిపే ఇస్తారు. దీనికి పై వెంటిలేటరే సరైనది. అంటే బండ నుంచి పైపుకు మారిన ఇంట్లో ప్రమాదం నేల నుంచి పైకప్పుకు మారుతుంది. ఈ ముక్క కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఇంటి ఆడవాళ్లకు విడమరిచి చెప్పాలి.

ఇక చట్టం. బండలో బంధించిన గ్యాస్ మన దేశంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికే వస్తుంది. నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో అనే కేంద్ర సంస్థ, 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలతో దీన్ని అదుపు చేస్తుంది. బండ మెడ దగ్గరి పట్టీ లోపలివైపు ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి, బీ జూన్, సీ సెప్టెంబరు, డీ డిసెంబరు. బీ 27 అని ఉంటే 2027 జూన్ లోపు ఆ బండను మళ్లీ పరీక్షకు పంపాలని. దీన్ని గ్యాస్ ఎక్స్‌పైరీ డేట్ అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. గ్యాస్ పాడవదు, అది ఇనుప తొడుగుకు పెట్టిన గడువు. గడువు దాటిన బండ వస్తే వెనక్కి పంపే హక్కు మనకుంది.

లైసెన్సు లేకుండా ఒక చోట ఉంచుకోగల వంటగ్యాస్ 100 కిలోలు. హోటళ్ల 19 కిలోల బండలు ఐదైతే 95 కిలోలు, ఆరోదానికి లైసెన్సు కావాలి. గుంటూరు, విజయవాడల్లో ఇరుకు సందుల్లోని టిఫిన్ సెంటర్ల వెనక ఎన్ని బండలున్నాయో వెళ్లినప్పుడు ఒకసారి లెక్కపెట్టండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించేది చిన్న బండల ఫిల్లింగ్. కోచింగుల కోసం గుంటూరులో గదులు తీసుకుని ఉండే పిల్లలు, కూలి పనులకు వచ్చి అద్దె రేకుల గదుల్లో ఉండే వాళ్లు సందు చివరి దుకాణంలో రెండు కిలోలు, మూడు కిలోలు అని నింపించుకుంటారు. ఇంటి బండను తలకిందులు చేసి చిన్నదానిలోకి వంచుతారు. పైన చెప్పిన ఆ ఖాళీ చోటు గుర్తుందా? ఇక్కడ దానికి లెక్కే లేదు. ద్రవం మూతి దాకా నిండిపోయాక ఆ బండ రేకుల గదిలో మధ్యాహ్నం ఎండకు వేడెక్కితే, ద్రవానికి ఉబ్బడానికి చోటుండదు. ద్రవం అణగదు, ఇనుమే చీలుతుంది. బండ నిజంగా పేలేది ఇలాంటప్పుడు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చిరునామా రుజువు అడక్కుండా 5 కిలోల బండను కంపెనీలే అమ్ముతున్నాయి. ఆ సంగతి ఆ పిల్లలకు చెప్పేవాళ్లు లేరు.

ఇంకో విషయం కూడా చాలామందికి తెలియదు. ఇంటి కనెక్షన్ ఉన్నవాళ్లకు చమురు కంపెనీల బీమా ఉంటుంది, ప్రీమియం మనం కట్టనక్కర్లేదు. ప్రమాదంలో మరణిస్తే మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా. ఆస్తి నష్టం మాత్రం కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగితేనే. ఊళ్లోని అత్తగారింటి పేరు మీదున్న కనెక్షన్‌ను పటమటలో అద్దె ఇంట్లో వాడుకునేవాళ్లు ఏజెన్సీకి వెళ్లి చిరునామా మార్పించుకోవాలి. ఐదేళ్లకోసారి ఇంటికొచ్చి ఉచితంగా తనిఖీ చేస్తారు. ఆ రోజు “ఇప్పుడు కుదరదు” అని పంపేయకండి. ఐఎస్ఐ గుర్తున్న ఆరెంజి రంగు సురక్షా ట్యూబు కూడా ఐదేళ్లకు మార్చాల్సిందే. లోపల ఇనుప తీగ అల్లిక ఉంటుంది, ఎలకలు తొందరగా కొరకలేవు.

పెద్దమ్మ ఇంట్లో రెగ్యులేటరు, ట్యూబు కొత్తవి వచ్చాయి. తర్వాత మేస్త్రీని పిలిచి గట్టు కింద, బండ వెనక గోడకు నేల మట్టంలో జానెడు రంధ్రం కొట్టించమన్నాను. “మళ్లీ వరదొస్తే అందులోంచి నీళ్లు రావూ?” అంది.

“వరదొస్తే గుమ్మంలోంచే వస్తాయి పెద్దమ్మా.”

రెండు రోజులు ఆలోచించి కొట్టించింది. ఎలకలు దూరకుండా ఇనుప జాలీ బిగించి, దాని ముందు ఏమీ పెట్టొద్దని కోడలికి చెప్పింది.