బారెల్ కిందకుంటే పిస్టల్ తన్నదా? అపోహలు - వాస్తవాలు

బరంపురంలో పిల్లలకు పిస్టల్ షూటింగ్ నేర్పుతుంటాను. ఛత్రపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే తెలుగు పిల్లలే నా దగ్గర ఎక్కువ. అందరిదీ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తోనే మొదలు. వాళ్లలో కొందరు 25 మీటర్ల .22 పిస్టల్‌కి మారే వేళకి ఇంట్లో పెద్ద చర్చ నడుస్తుంది. ఈమధ్య వీడియోలు చూసి వచ్చిన తల్లిదండ్రులందరిదీ ఒకటే ప్రశ్న: "మాస్టారూ, బారెల్ బాగా కిందకున్న పిస్టలైతే తన్నదట కదా?" లక్షలు పోసి కొనే వస్తువు కాబట్టి ఈ మాటలో ఎంత నిజముందో వివరంగా చెప్పాలి.

బారెల్ అంటే గుండు బయటికి పోయే గొట్టం, తన్ను అంటే కాల్చగానే పిస్టల్ చేతిని వెనక్కి గుద్దడం. బారెల్ నడిమధ్య నుంచి పోయే గీతను బోర్ యాక్సిస్ అంటాం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు నుంచి ఆ గీత ఎంత ఎత్తులో ఉందన్నదే ఇక్కడ విషయం.

అపోహ: బారెల్ కిందకి దిగితే తన్ను తగ్గుతుంది.

తగ్గదు. గుండు ఎంత ఊపుతో ముందుకు పోతుందో పిస్టల్ అంతే ఊపుతో వెనక్కి వస్తుంది. దాన్ని నిర్ణయించేది తూటా. ఈ పిస్టళ్లలో వాడే .22 లాంగ్ రైఫిల్ తూటాలో గుండు దాదాపు 2.6 గ్రాములు. సెకనుకు 320 మీటర్ల వేగంతో పోతే కిలో బరువున్న పిస్టల్ సెకనుకు 0.8 మీటర్ల వేగంతో వెనక్కి రావాలి. తూటాలోని మందు కాలి పుట్టే వాయువుల వాటా కలిస్తే ఇంకాస్త ఎక్కువే. సెంటర్ ఫైర్ అనే మరో 25 మీటర్ల పోటీలో వాడే .32 వాడ్‌కట్టర్ (గుండు ముందు చదునుగా ఉండే) తూటాకి ఇది రెట్టింపుకి దగ్గర పడుతుంది. బారెల్‌ని పైన పెట్టినా కింద పెట్టినా ఈ లెక్క మారదు.

మారేది తన్ను వచ్చే తీరు. తలుపును కీలు పక్కన తోస్తే తిరగనని మొరాయిస్తుంది, అంచు దగ్గర తోస్తే ఇట్టే తిరుగుతుంది. బారెల్ చేతికి ఎంత ఎత్తున ఉంటే ఆ తోపు మణికట్టును అంత సులువుగా వెనక్కి తిప్పుతుంది, పిస్టల్ మూతి అంతగా పైకి లేస్తుంది. బారెల్ కిందకి దిగేకొద్దీ తిప్పుడు తగ్గి, అదే తోపు అరచేతిలోకి తిన్నగా వస్తుంది. అందుకే పిస్టల్ మార్చిన పిల్లలు కొందరు "మూతి లేవట్లేదు గానీ గట్టిగా గుద్దుతోంది సార్" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే.

దీనివల్ల లాభం లేదా అంటే ఉంది. ర్యాపిడ్ ఫైర్ అనే 25 మీటర్ల వేగపు పోటీలో పక్కపక్కన అయిదు టార్గెట్లు, వాటి నడిమధ్యల దూరం 75 సెంటీమీటర్లు. చివరి సిరీస్‌లో, అంటే అయిదు గుళ్ల వరసలో, అయిదింటికీ కలిపి 4 సెకన్లు. 45 డిగ్రీల కిందకి దించిన చెయ్యి ఆ సమయంలోనే పైకి రావాలి, అయిదు గుళ్లూ ఆ సమయంలోనే పోవాలి. మూతి తక్కువ లేచిన పిస్టల్‌ని మళ్లీ కిందకి దించడానికి పట్టే సమయం మిగిలి, అది పక్క టార్గెట్‌కి జరగడానికి పనికొస్తుంది. 2012 లండన్‌లో మన విజయ్ కుమార్ వెండి పతకం గెలిచింది ఈ ఆటలోనే. ఆ ఫైనల్ ఒక్కసారి చూపించాక పిల్లలకి నేను వేరే పాఠం చెప్పక్కర్లేదు.

అపోహ: మూతి పైకి లేవడం వల్లే గుండు గురి తప్పుతుంది.

మా దగ్గర పిల్లల స్కోరును ఎక్కువగా తినేసేది ఈ నమ్మకమే. మొత్తం పిస్టల్ ఒకే ముక్క అనుకుని లెక్కేసినా, గుండు 12 సెంటీమీటర్ల బారెల్ దాటేలోపు కిలో బరువున్న పిస్టల్ వెనక్కి జరిగేది మిల్లీమీటరులో మూడో వంతు. నిజానికి .22 పోటీ పిస్టళ్లు చాలావరకు బ్లోబ్యాక్ రకం. ముందు తూటా ఖాళీ కేసు, బారెల్ వెనక మూసి ఉండే ఇనుప దిమ్మెను, అంటే బోల్టును, తోస్తుంది, బోల్టు వెనక్కి పోయి ఆగినప్పుడు అసలు గుద్దు చేతికి తగులుతుంది. అప్పటికే గుండు బారెల్ దాటి గాల్లో ఉంటుంది. మన కంటికి కనబడే ఎగురుడు దాదాపుగా గుండు పోయాక జరిగేదే. ముందు జరిగే ఆ కాస్త కదలిక ప్రతిసారీ ఒకేలా ఉంటే సైట్లు (గురి చూసే గుర్తులు) సరిచేసినప్పుడే లెక్కలోకి వచ్చేస్తుంది.

మరి గుండు కిందకో పక్కకో ఎందుకు పోతోంది? తన్ను వస్తుందని ముందే భయపడి పిల్లవాడు మణికట్టు వంచేస్తున్నాడు, లేదా ట్రిగ్గర్‌ని ఒక్కసారిగా లాగేస్తున్నాడు. దీన్ని కనిపెట్టాలంటే, రేంజిలో, కోచ్ సమక్షంలో, మ్యాగజీన్‌లో (తూటాలు పేర్చే గూడులో) అసలు తూటాల మధ్య ఒక డమ్మీ తూటా ఎక్కడుందో చెప్పకుండా పెడితే చాలు. డమ్మీ దగ్గర పేలదు గానీ మూతి కిందకి వంగుతుంది, అందరికీ కనబడుతుంది. ఆ వంపుకి ఎంత ఖరీదైన పిస్టలైనా మందు కాదు.

అపోహ: బారెల్ ఎంత కిందకుంటే అంత మంచిది.

ఈ దారిలో చివరిదాకా వెళ్లి చూసినవాళ్లున్నారు. సోవియట్ ఇంజినీర్లు ఎంటీఎస్-3 అనే ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌ని తలకిందులుగా తయారుచేశారు. యంత్రాంగం పైన, బారెల్ కింద, దాదాపు చేతి వరసలోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ పిస్టల్‌తో సోవియట్ షూటర్ చెర్కాసోవ్ వెండి పతకం గెలిచాడు. ఆ తర్వాత నిబంధన వచ్చింది: బారెల్ గీత బొటనవేలి సందుకు పైనుంచే పోవాలి. 25 మీటర్ల పోటీల్లో ఇప్పటికీ అదే హద్దు. కాబట్టి "అన్నిటికన్నా కింద" అన్న పందెం మన ఆటలో ఎప్పుడో ముగిసిపోయింది.

ఆ హద్దు లోపల కూడా ప్రతి మిల్లీమీటరుకీ ఎక్కడో ఓ చోట మూల్యం చెల్లించాల్సిందే. చెయ్యి పైకి వెళ్లాలంటే వెనక యంత్రాంగం అడ్డు రాకూడదు. పార్దిని, వాల్తర్ జీఎస్‌పీ లాంటి పిస్టళ్లలో మ్యాగజీన్‌ని ట్రిగ్గర్ ముందుకి జరిపారు. పిడిలో మ్యాగజీన్ లేదు కాబట్టి పిడిని నచ్చినట్టు చెక్కొచ్చు, బరువూ ముందుకు చేరుతుంది. అయితే పిస్టల్ మొత్తం 300 మిల్లీమీటర్ల పొడవున్న పెట్టెలో పట్టాలన్నది నిబంధన. మ్యాగజీన్ ముందు చోటు తినేస్తే బారెల్ కురచవుతుంది. జీఎస్‌పీ బారెల్ 107 మిల్లీమీటర్లే.

9 ఎంఎం ప్రపంచంలో కథ వేరు. మన దేశంలో ఆ తూటా నిషిద్ధ బోరు కిందకి వస్తుంది, పిల్లలు వీడియోల్లో చూసేవి మాత్రం అవే. సీజెడ్-75 పిస్టల్‌లో స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి జరిగే పైభాగం) ఫ్రేమ్ లోపలి గాడుల్లో నడుస్తుంది. బారెల్ కిందకి వచ్చింది గానీ, స్లైడ్‌ని పట్టుకుని లాగడానికి చోటు తగ్గింది. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే మా ఊళ్లలో మే నెలలో చెమట చేతులతో అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. హెచ్‌కే పీ7లో కదలని బారెల్ కింద, తూటా వాయువుతో స్లైడ్‌ని నెమ్మదింపజేసే గ్యాస్ సిలిండర్ పెట్టారు. వరసగా కాలిస్తే ట్రిగ్గర్ పైభాగం వేడెక్కిపోతుంది. లాగో ఏలియన్‌లో గ్యాస్ భాగాన్ని బారెల్ పైకి మార్చి, సైట్లను కదలకుండా కూర్చోబెట్టారు. చాలా తెలివైన పని, కానీ విడిభాగాలూ ఎక్కువ, ధరా ఎక్కువ. కియాప్పా రైనో రివాల్వర్, తూటాలుండే గుండ్రటి సిలిండర్‌లో అడుగు గది నుంచి కాలుస్తుంది. దానికోసం లోపల లింకులు పెరిగాయి.

అపోహ: గట్టిగా బిగించి పట్టుకుంటే పిస్టల్ కదలదు.

బిగిస్తే చెయ్యి వణుకుతుంది, చూపుడువేలు మొద్దుబారుతుంది. పట్టు బలం కన్నా పట్టు ప్రతిసారీ ఒకేలా ఉండటం ముఖ్యం.

అపోహ: బరువు పెంచితే సరి.

కొంతవరకు నిజం. బరువు ముందు వైపు పెడితే మూతి నెమ్మదిగా లేస్తుంది. కానీ 25 మీటర్ల పిస్టల్‌కి 1400 గ్రాముల హద్దుంది, పద్నాలుగేళ్ల పిల్ల భుజానికి అంతకన్నా ముందే హద్దొస్తుంది. వాయువును పైకి వదిలి మూతిని అణిచే కాంపెన్సేటర్, రంధ్రాల బారెల్ ఈ పోటీల్లో కుదరవు.

అపోహ: ఎయిర్ పిస్టల్‌కి తన్ను ఉండదు, కాబట్టి ఇవన్నీ దానికి పట్టవు.

తన్ను చాలా చిన్నది, .22లో పదో వంతు ఉంటుందేమో. ఆ కాస్తనీ స్టేయర్ ఎల్‌పీ10లో ఎదురు కదిలే చిన్న బరువుతో ఆపుతారు. పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ గుండు) వెళ్లాక కూడా సైట్ల మీదే చూపు నిలపడం ఎయిర్ పిస్టల్ దగ్గరే అలవాటు కావాలి.

ఇక కొనే ముందు ఏం చూడాలి? ముందు పిడి. మా తీరపు తేమకి చెక్క పిడి ఉబ్బుతుంది, వేసవిలో సరిపోయింది వానాకాలంలో వేళ్ల మధ్య ఒత్తుతుంది. చెయ్యి పైదాకా ఖాళీ లేకుండా ఆనుతోందా? పిడి ఓ మిల్లీమీటరు వదులైనా చెయ్యి కిందకి జారి, తయారీదారు దించిన బారెల్ మళ్లీ పైకెక్కినట్టే. తర్వాత రేంజిలో లైసెన్సున్నవారి పిస్టల్‌తో, వారి సమక్షంలో అయిదు గుళ్ల సిరీస్‌లు కొన్ని కాల్పించండి. మూతి ఎంత లేచిందో చూడకండి, లేచాక ముందు సైటు తనంతట తాను వెనక సైటు గాడిలోకి వచ్చి కూర్చుంటోందా అని పిల్లనే అడగండి. ఎడమకో కుడికో వచ్చి ఆగుతుంటే ముందు పిడిలో ఖాళీ ఉన్నచోట రంపపొడి మిశ్రమంతో నింపించండి, ఒత్తేచోట ఆకురాయితో గీయించండి. అప్పటికీ కుదరకపోతేనే వేరే పిస్టల్ మాట.