టర్బో కారుకు ఏ పెట్రోలు? అపోహలు – వాస్తవాలు

టర్బో కార్లతో వర్క్‌షాపుకు వచ్చేవారి నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇప్పటి ఇంజన్లలో కంప్యూటర్ ఉంది కదా, ఏ పెట్రోలు పోసినా అదే సర్దుకుంటుంది." ఇందులో సగం నిజం ఉంది, ఇంజన్లను పాడుచేస్తున్నదీ ఆ సగం నిజమే. మిగిలిన అపోహలు జేబుకు భారమే తప్ప పిస్టన్లకు ప్రమాదం కావు కనుక వాటిని చివర క్లుప్తంగా చెబుతాను.

అపోహ: ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటర్) అన్నిటినీ సర్దుకుంటుంది.

వాస్తవం: టర్బో గాలిని ముందే నొక్కి పంపుతుంది కాబట్టి సిలిండర్‌లో పీడనం, వేడి రెండూ ఎక్కువగా ఉంటాయి. స్పార్క్‌తో మొదలైన మంట చివరిదాకా చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకుంటే అదే నాకింగ్. దాన్ని ఇంధనం ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య. నాకింగ్‌ను సెన్సర్ పసిగట్టగానే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది, అవసరమైతే బూస్ట్ (టర్బో గాలిని నొక్కే ఒత్తిడి) తగ్గిస్తుంది. అయితే ఆ సెన్సర్, సామెతలోలా ఆరు నెలలకు కాకపోయినా, దొంగలు పడ్డాకే మొరిగే కుక్క. పైగా టైమింగ్ వెనక్కి జరిగినకొద్దీ ఎగ్జాస్ట్ వేడి పెరిగి టర్బైన్‌కు తగులుతుంది, దాన్ని చల్లార్చడానికి ఇంజను అదనంగా పెట్రోలు తాగుతుంది. చౌక పెట్రోలుతో మిగిలిందనుకున్న డబ్బులో కొంత అక్కడే ఖర్చవుతుంది.

ఇంకా పెద్ద చిక్కు తక్కువ ఆర్‌పీఎంలో, పెద్ద గేరులో యాక్సిలరేటర్ బలంగా తొక్కినప్పుడు వస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే పద్ధతి) ఉన్న చిన్న టర్బో ఇంజన్లలో అలాంటప్పుడు మిశ్రమం స్పార్క్ కంటే ముందే అంటుకోవచ్చు. దీన్నే ఎల్‌ఎస్‌పీఐ అంటారు. స్పార్క్ పడకముందే లేచిన మంటను స్పార్క్‌ను ఆలస్యం చేసి ఆపడం ఏ ఈసీయూకీ సాధ్యం కాదు. ఇక్కడ ఆక్టేన్ ఒక్కటే కాదు, ఇంజనాయిలూ ముఖ్యమే. 2018లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఇంజనాయిలుకు ఎస్ఎన్ ప్లస్ ప్రమాణం తెచ్చింది ఈ సమస్య కోసమే.

ఇథనాల్ విషయంలో ఈ భ్రమ మరింత ప్రమాదకరం. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో దాదాపు 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 వంతులు చాలు. అంటే అంతే గాలికి ఇ85 (అధికభాగం ఇథనాల్ కలిపిన పెట్రోలు) అయితే మూడో వంతుకు పైగా ఎక్కువ ఇంధనం చిమ్మాలి. చాలా కార్లలో ఈసీయూ దిద్దుబాటు పాతిక శాతం దగ్గరే ఆగిపోతుంది, పూర్తి బూస్ట్‌లో పంపూ ఇంజెక్టర్లూ అంతకంటే ముందే చేతులెత్తేయవచ్చు. ఇ85కు ఆక్టేన్ 100 దాటుతుందని ఎక్కడో విన్న ఒక కుర్రవాడు ఫ్లెక్స్ ఫ్యూయల్ (పెట్రోలు, ఇథనాల్ ఏ పాళ్లలో ఉన్నా నడిచే రకం) కాని కారులో, ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక, నిండా అదే పోయించాడు. చెక్ ఇంజన్ దీపం వెలిగి, మిశ్రమం పలచబడిందని చెప్పే పీ0171 కోడ్ వచ్చేసరికి ఇంజను పోయిందన్న భయంతో వణుకుతూ వచ్చాడు. అదృష్టవశాత్తూ గట్టిగా తొక్కలేదు. ట్యాంకు ఖాళీ చేసి, బోరోస్కోపుతో (ఇంజను లోపలికి దూర్చే సన్నని కెమెరాతో) పిస్టన్లు చూపించాక గానీ అతని ముఖం తేటపడలేదు. అతన్ని తప్పుపట్టను. అరకొర సమాచారాన్ని ధీమాగా ప్రచారం చేసేవారిని చూస్తేనే నాకు ఓపిక నశిస్తుంది.

ఇథనాల్ చెడ్డదని దీని అర్థం కాదు. దాని ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్, ఆక్టేన్‌ను కొలిచే ఒక పద్ధతి) 108 దాటుతుంది, ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెట్టింపుకు పైగా వేడిని లాక్కుని సిలిండర్‌లోని మిశ్రమాన్ని చల్లబరుస్తుంది. తగిన పంపు, ఇంజెక్టర్లు, ట్యూనింగ్ ఉన్న టర్బోకు అది వరమే. అమెరికాలో ఇ85గా అమ్మే ఇంధనంలో ఇథనాల్ 51 నుంచి 83 శాతం వరకు ఎంతైనా ఉండవచ్చు కనుక, ఇథనాల్ పాలును కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ లేకుండా ఆ ట్యూనింగ్‌కు పూనుకోవద్దు. రీమ్యాప్ చేయించినవారు (ఈసీయూలోని ఇంధన, టైమింగ్ లెక్కలను, అంటే మ్యాప్‌ను, మార్పించినవారు) కంపెనీ పుస్తకంలోని అంకెను మరచిపోయి, మ్యాప్ ఏ ఆక్టేన్‌కు రాశారో ఆ ఇంధనాన్నే వాడాలి.

ఇక మిగతావి. ఎక్కువ ఆక్టేన్ అంటే ఎక్కువ శక్తి కాదు. 91కి రూపొందించిన ఇంజనులో 98 పోస్తే ఒరిగేది దాదాపు శూన్యం. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వులను తాకనే తాకదు కనుక, ఖరీదైన పెట్రోలు వాటి మసిని కడుగుతుందన్నది వట్టి మాట. పంపు మీది ఆక్టేన్‌లో ఇథనాల్ వాటా ముందే కలిసి ఉంటుంది, లెక్కలో దాన్ని మళ్లీ కలపకండి. పెట్రోలులో కలిపే ఆక్టేన్ బూస్టర్ సీసాల మీద 'పాయింట్లు' అని రాసేది ఆక్టేన్‌లో పదో వంతు. 30 పాయింట్లంటే 3 ఆక్టేన్ మాత్రమే. ట్యాంకు మూత మీద 95 ఆర్‌ఓఎన్ అని ఉండి, అమెరికా తరహా పంపు మీద 91 కనిపిస్తే కంగారుపడవద్దు; అక్కడ ఆక్టేన్‌ను కొలిచే వేరే పద్ధతి అయిన ఏకేఐ లెక్కలో 91 అంటే దాదాపు 95 ఆర్‌ఓఎనే.

పొరపాటున ఒకసారి తక్కువ ఆక్టేన్ పోయించినవారు ట్యాంకు ఖాళీ చేయించనక్కరలేదు. పెద్ద గేరులో ఇంజనును ఈడ్చకుండా నెమ్మదిగా నడుపుతూ, సగం అయ్యాక ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుతో నింపండి. అప్పటికీ టకటకమన్న శబ్దం వినిపిస్తూ ఉంటేనే మెకానిక్‌కు చూపించండి.